ర్యామ్ ఖాళీగానే ఉంది, మెమరీ మాత్రం చాలదంటోంది
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: కంప్యూటర్‌లో పాటలు చేసే సాఫ్ట్‌వేర్‌లోకి ప్లగిన్లు (వాద్యాలు, ఎఫెక్టులు అందించే చిన్న ప్రోగ్రాములు) ఎక్కడం లేదు, మెమరీ చాలదంటోంది, ర్యామ్ కొనాలా వద్దా? స్క్రీన్ మీద కనిపించే మెసేజ్ ఒకటే అయినా దాని వెనక అడ్డుపడే గోడలు నాలుగైదు ఉంటాయి. ఏ గోడకు తల తగులుతోందో తెలియకుండా ర్యామ్ కొంటే డబ్బు పోతుంది, గోడ అక్కడే ఉంటుంది. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం. మెనూల పేర్లు మీ వెర్షన్‌ను బట్టి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

ప్రశ్న: లాప్‌టాప్‌లో 32 జీబీ ర్యామ్ ఉంది. రికార్డు చేసిన వాద్యాల స్వరాలు (శాంపిళ్లు) పలికించే కాంటాక్ట్ ప్లగిన్‌లో స్ట్రింగ్స్, బ్రాస్, క్వయర్ ఎక్కించాక ఇంకో ప్యాచ్ (వాద్యం ఫైలు) తెరవబోతే మెమరీ చాలదని చెప్పి సాఫ్ట్‌వేర్ మూసుకుపోతోంది. అప్పుడు టాస్క్ మేనేజర్ చూస్తే ర్యామ్ 70 శాతం దగ్గరే ఉంటోంది. మిగతా 30 శాతం ఎవరు తింటున్నట్టు?
– నేపథ్య సంగీతం చేసే పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఎవరూ తినడం లేదు, కర్చీఫ్ వేసి పెట్టుకున్నారంతే. బస్సులో కర్చీఫ్ వేసిన సీటు చూడ్డానికి ఖాళీగానే ఉంటుంది, కూర్చోబోతే గొడవ. విండోస్‌లో కూడా ప్రతి ప్రోగ్రామ్ తనకు కావలసిన మెమరీని ముందే అడిగి రాయించుకుంటుంది. వాడినా వాడకపోయినా విండోస్ ఆ మాట ఇచ్చేసినట్టే. ఇలా ఇచ్చిన మాటల మొత్తాన్ని కమిట్ అంటారు. ఎన్ని మాటలు ఇవ్వొచ్చన్నదానికి హద్దు ఉంది: ఉన్న ర్యామ్, దానికి తోడు డిస్క్ మీద ఉండే పేజ్ ఫైల్, ఈ రెండూ కలిపి ఎంతైతే అంత. ఆ హద్దు దాటిన క్షణం నుంచి ర్యామ్ ఖాళీగా ఉన్నా కొత్తగా అడిగినవాడికి లేదనే అంటుంది. శాంపిల్ ప్లేయర్లు పెద్దపెద్ద ముక్కలు అడుగుతాయి కాబట్టి ముందు దెబ్బ తినేది అవే.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరవండి. గ్రాఫ్ కింద 'కమిటెడ్' అని రెండు అంకెలు కనిపిస్తాయి. మీ దగ్గర అది 31.2/31.7 లాగా ఉండి ఉంటుంది. రెండో అంకె మీ ర్యామ్‌తో దాదాపు సమానంగా ఉందంటే పేజ్ ఫైల్ ఎవరో ఆపేసినట్టే. 'ఆడియో పనికి కంప్యూటర్‌ను సిద్ధం చేయడం ఎలా' అనే చిట్కాల్లో ఈ పేజ్ ఫైల్ తీసేయమనే సలహా ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఆ సలహా పాటించకండి. పేజ్ ఫైల్ ఉన్నంత మాత్రాన విండోస్ దాన్ని అస్తమానం వాడదు. అది ఉంటేనే వాడని కర్చీఫుల లెక్కంతా డిస్క్ ఖాతాలో రాసి, అసలు ర్యామ్‌ను పాడుతున్న శాంపిళ్లకు వదలగలుగుతుంది.

తిరిగి పెట్టడం ఇలా. స్టార్ట్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని వెతికి తెరవండి. పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, వర్చువల్ మెమరీ దగ్గర 'చేంజ్' నొక్కండి. పైన 'ఆటోమేటికల్లీ మేనేజ్' అన్నదానికి టిక్ పెట్టి, రీస్టార్ట్ చేస్తే చాలామందికి సరిపోతుంది. మీరే అంకెలు ఇవ్వదలచుకుంటే టిక్ తీసి, ఎస్‌ఎస్‌డీ ఉన్న డ్రైవ్ ఎంచుకుని, కస్టమ్ సైజ్‌లో మొదటిది 16384, రెండోది 32768 అని ఎంబీల్లో ఇచ్చి, పక్కనున్న 'సెట్' బటన్ నొక్కండి. ఈ 'సెట్' మరిచిపోయి నేరుగా ఓకే కొడితే మీరిచ్చిన అంకెలు గాల్లో కలిసిపోతాయి, మళ్లీ వచ్చి 'చేసినా లాభం లేదండీ' అని రాస్తారు.

టిక్ ముందునుంచే ఉంటే అనుమానించాల్సింది సి డ్రైవ్‌ను. ఆటోమేటిక్ పేజ్ ఫైల్ ఆ డ్రైవ్ మొత్తం సైజులో ఎనిమిదో వంతు దాటి పెరగదు. 256 జీబీ డ్రైవ్ మీద అది దాదాపు 30 జీబీ. డ్రైవ్ నిండుగా ఉంటే ఆ మాత్రమూ పెరగదు. శాంపిల్ లైబ్రరీలన్నీ సి మీదే పోసుకున్నవాళ్లకు ఇది మామూలే. రుజువు కావాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిచి 2004 నంబరు ఈవెంట్ కోసం చూడండి. వర్చువల్ మెమరీ తగ్గిపోయిందని, ఆ సమయంలో ఎక్కువ పట్టుకున్న మూడు ప్రోగ్రాములు ఏవో, ఒక్కొక్కటి ఎన్ని బైట్లో విండోస్ అక్కడ రాసిపెడుతుంది. బ్రౌజర్ పేరు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఒక్క హెచ్చరిక. పేజ్ ఫైల్ పెంచితే క్రాష్ ఆగుతుంది, ర్యామ్ పెరగదు. నిజంగా పలుకుతున్న శాంపిళ్లే 32 జీబీ దాటితే పాట నత్తినత్తిగా వస్తుంది. దాని మందు వేరు, మూడో ప్రశ్న జవాబులో ఉంది.

ప్రశ్న: జానపద పాటకు డప్పు, తాషా, డోలు, షెహనాయ్ అన్నీ వేర్వేరు ప్లగిన్లు. వాడనివి బైపాస్ చేసి పెట్టాను. అయినా మెమరీ ఒక్క ఎంబీ కూడా దిగలేదు. – కరీంనగర్ పాఠకుడు

జవాబు: దిగదు. బైపాస్ అంటే వాద్యకారుణ్ణి వాయించొద్దని చెప్పడమే, స్టూడియోలోంచి పంపించెయ్యడం కాదు. పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్లలో ఒకటైన ఎఫ్ఎల్ స్టూడియోలోని స్మార్ట్ డిజేబుల్ కూడా ప్రాసెసర్ భారమే తగ్గిస్తుంది. మెమరీ తిరిగి రావాలంటే ప్లగిన్ దిగిపోవాలి. అలాంటిదే అయిన రీపర్‌లో ఎఫ్ఎక్స్ (ప్లగిన్) పేరు మీద రైట్ క్లిక్ చేసి 'ఆఫ్‌లైన్' పెట్టండి, ఆ ప్లగిన్ పట్టుకున్న మెమరీ వదిలేస్తుంది, సెట్టింగులు మాత్రం ప్రాజెక్టులో భద్రంగా ఉంటాయి. ట్రాక్ ఫ్రీజ్ చేసినా (అంటే దాన్ని తాత్కాలికంగా ఆడియోగా మార్చినా) రీపర్ ఇదే పని చేస్తుంది. క్యూబేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫ్రీజ్ కొట్టినప్పుడు వచ్చే చిన్న పెట్టెలో 'అన్‌లోడ్ ఇన్‌స్ట్రుమెంట్ వెన్ ఫ్రోజెన్' అనే గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టకపోతే ఫ్రీజ్ అయినా శాంపిళ్లు ర్యామ్‌లోనే కూర్చుంటాయి. అక్కడే టెయిల్ సైజ్ కూడా అడుగుతుంది. డోలుకు రెండు సెకన్లు చాలు, రివర్బ్ బాగా దట్టించిన షెహనాయ్‌కి ఆరేడు ఇవ్వండి, లేకపోతే చివరి స్వరం కత్తిరించినట్టు ఆగుతుంది.

ఫ్రీజ్ చేసిన ట్రాక్‌కు ఖర్చెంత అంటారా? నాలుగు నిమిషాల స్టీరియో, 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ అయితే డిస్క్ మీద సుమారు 64 ఎంబీ. అదీ డిస్క్ నుంచి పారుతూ వస్తుంది గనక ర్యామ్‌కు తగిలేది నామమాత్రం.

ప్రశ్న: నా పీసీలో 8 జీబీ ర్యామే. పియానో లైబ్రరీ డిస్క్ మీద 10 జీబీ పైన ఉంది, అయినా పాడుతోంది. స్ట్రింగ్స్ కూడా వేస్తే మాత్రం కుదేలవుతోంది. ప్రీలోడ్ బఫర్ తగ్గించమంటున్నారు. తగ్గిస్తే నాణ్యత పోదా? – సంగీత విద్యార్థిని, విజయనగరం

జవాబు: నాణ్యత పోదు. పోతే స్వరమే మొత్తం పోతుంది! కొంచెం లెక్క చేద్దాం, ఎందుకంటే ఈ లెక్క ఒకసారి చేతికొస్తే ఏ లైబ్రరీ ఎంత తింటుందో మీరే చెప్పగలరు.

24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో శబ్దం సెకనుకు 44,100 × 3 × 2 = 2,64,600 బైట్లు. పియానోకు 88 మెట్లు. ఒక్కో మెట్టును మెల్లగా నొక్కిన దగ్గర్నుంచి గట్టిగా కొట్టిన దాకా 16 పొరలుగా రికార్డు చేశారనుకోండి, 1,408 శాంపిళ్లు. సగటున ఒక్కోటి 10 సెకన్లు మోగితే మొత్తం 3.7 జీబీ. పెడల్ నొక్కినప్పటివి వేరే, వదిలినప్పుడు వచ్చే శబ్దాలు వేరే, మైకులు రెండు మూడు జతలు. 10 జీబీ అలా అవుతుంది.

ఇదంతా ర్యామ్‌లోకి రాదు. ప్రతి శాంపిల్‌లోనూ మొదటి ముక్క మాత్రమే ముందుగా ర్యామ్‌లో పెట్టుకుని, మీరు మెట్టు నొక్కగానే ఆ ముక్కతో మొదలుపెట్టి, అది అయిపోయేలోగా మిగతాది డిస్క్ నుంచి తెచ్చుకుంటుంది. కాంటాక్ట్‌లో దీన్ని డీఎఫ్‌డీ అంటారు, డిస్క్ నుంచి నేరుగా అని. మీరడిగిన ప్రీలోడ్ బఫర్ ఆ మొదటి ముక్కే, మామూలుగా 60 కేబీ. పై లెక్కకు 1,408 × 60 కేబీ, అంటే 84 ఎంబీ. 3.7 జీబీ ఎక్కడ, 84 ఎంబీ ఎక్కడ! మీ పియానో 8 జీబీలో పాడటంలోని కిటుకు ఇదే.

60 కేబీ ముక్క ఎంతసేపు వస్తుంది? పావు సెకను కంటే కాస్త తక్కువ, 232 మిల్లీసెకన్లు. దాన్ని 12 కేబీకి దించితే ర్యామ్ ఐదో వంతుకు పడిపోతుంది, గడువు కూడా 46 మిల్లీసెకన్లకు పడిపోతుంది. తిరిగే హార్డ్ డిస్క్‌కు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడానికే సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 46 మిల్లీసెకన్లలో నాలుగైదు శాంపిళ్లకు మించి అందించలేదు. మీరు పెడల్ తొక్కి రెండు చేతులతో ఎనిమిది స్వరాలు కొడితే మూడు నాలుగు మధ్యలో మూగబోతాయి. ఎస్‌ఎస్‌డీకి ఆ వెతుకులాట మిల్లీసెకనులో చిన్న భాగం, కాబట్టి దానికి 12 కేబీ చాలు. మొత్తమ్మీద హార్డ్ డిస్క్ ఉంటే 60 దగ్గరే ఉంచండి, ఎస్‌ఎస్‌డీ ఉంటే 12 నుంచి 18 మధ్య పెట్టి పాట మొత్తం విని చూడండి.

కాంటాక్ట్ ఆప్షన్స్‌లో మెమరీ అనే పేజీ ఉంది. అక్కడ 'ఓవర్‌రైడ్ ఇన్‌స్ట్రుమెంట్స్ ప్రీలోడ్ సైజ్' అన్నదానికి టిక్ పెట్టి స్లైడర్ జరపండి. ప్రాజెక్ట్ సేవ్ చేసి మూసి తెరిస్తే తేడా తెలుస్తుంది. ఇన్‌స్ట్రుమెంట్ నెత్తిమీద 'మెమరీ' అని ఎంబీల అంకె ఉంటుంది, ముందూ వెనకా రాసి పెట్టుకోండి. అంకె దిగకపోతే ఆ ప్యాచ్ డీఎఫ్‌డీలో లేదు, 'శాంప్లర్' మోడ్‌లో ఉంది, అంటే మొత్తం ర్యామ్‌లోకే వస్తుంది. టెంపోకు తగ్గట్టు సాగే లూపులు వాడేది టైమ్ మెషీన్ మోడ్. దానికీ మొత్తం శాంపిల్ ర్యామ్‌లోనే కావాలి, స్లైడర్ ఎంత జరిపినా ఫలితం ఉండదు.

లైబ్రరీ బయటి డ్రైవ్‌లో ఉందా? అయితే తీగ ఏ రంధ్రంలో పెట్టారో చూడండి. యూఎస్‌బీ 2 రంధ్రం నుంచి సెకనుకు 35–40 ఎంబీకి మించి రావడం కష్టం. స్ట్రింగ్స్‌లో 200 శాంపిళ్లు ఒకేసారి మోగితే కావలసింది 53 ఎంబీ. డ్రైవ్ ఎంత మంచిదైనా ఆ రంధ్రం పట్టనివ్వదు.

ఇక స్ట్రింగ్స్ సంగతి. అక్కడ ర్యామ్ తినేది వాయింపు రకాలు: స్పికాటో, ట్రెమొలో, పిజికాటో, లెగాటో అన్నీ ఒకే ప్యాచ్‌లో ఎక్కుతాయి, మీ పాటలో వాడేది రెండు. మైకుల విషయమూ అంతే. నాలుగు మైకులుంటే ఒకటి ఉంచి మూడు తీసెయ్యండి. ఫేడర్ కిందికి లాగడం కాదు, ఆ మైకు బటన్‌నే ఆపండి, అప్పుడే చాలా లైబ్రరీల్లో శాంపిళ్లు దిగుతాయి. మిగిలింది పర్జ్, అంటే వాడని శాంపిళ్లను దించెయ్యడం. పాట కూర్చడం అయ్యాక ఇన్‌స్ట్రుమెంట్ నెత్తిమీద పర్జ్ మెనూలో 'రీసెట్ మార్కర్స్' కొట్టి, పాటను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి వాయించనివ్వండి. తర్వాత 'అప్‌డేట్ శాంపిల్ పూల్' కొడితే మోగని శాంపిళ్లన్నీ దిగిపోతాయి. 900 ఎంబీ ప్యాచ్ వంద లోపుకు రావడం చూస్తే మీకే నవ్వొస్తుంది. ఒక లొసుగు ఉంది. ఒకే స్వరానికి వంతులవారీగా వేర్వేరు శాంపిళ్లు పలికే ప్యాచ్‌లలో, రెండోసారి వాయించినప్పుడు ఇంకో వంతు శాంపిల్ పలకాల్సి రావచ్చు. దాన్ని అప్పటికప్పుడు డిస్క్ నుంచి తెచ్చేలోగా మొదటిసారి స్వరం ఆలస్యంగా గానీ, మూగగా గానీ వస్తుంది. అందుకని పర్జ్ అయ్యాక పాటను ఇంకో రెండుసార్లు తిప్పి అప్పుడు రెండర్ చేయండి (ఆడియో ఫైలుగా తీయండి).

ప్రశ్న: 2012 ప్రాంతంలో 32 బిట్ ఎఫ్ఎల్ స్టూడియోలో చేసిన భక్తి పాటలు మళ్లీ మిక్స్ చేయాలి. కొత్త పీసీలో 16 జీబీ ఉంది. పాత సాఫ్ట్‌వేరే వేశాను. ప్లగిన్లు ఎక్కుతూ ఎక్కుతూ మూడొంతులు అయ్యాక ఆగిపోతోంది. అప్పట్లో 4 జీబీ పీసీలో చక్కగా సేవ్ అయిన ప్రాజెక్టే ఇది. – కీబోర్డ్ ప్రోగ్రామర్, తెనాలి

జవాబు: 16 అయినా 64 అయినా అక్కడ ఒకటే. 32 బిట్ ప్రోగ్రామ్‌కు మెమరీలో చిరునామాలు రాసుకోవడానికి 32 గళ్లే ఉంటాయి. వాటితో 4,29,49,67,296 చిరునామాలే రాయొచ్చు, అంటే 4 జీబీ. అందులోనూ మామూలు 32 బిట్ ప్రోగ్రామ్‌కు విండోస్ ఇచ్చేది 2 జీబీ. పెద్ద చిరునామాలు పట్టుకోగలనని తన మీద ముద్ర వేసుకున్న ప్రోగ్రామ్‌కు 64 బిట్ విండోస్ మీద మొత్తం 4 జీబీ దక్కుతుంది. అంతకు మించి లేదు. ప్లగిన్లన్నీ హోస్ట్ (వాటిని ఎక్కించుకునే ప్రధాన సాఫ్ట్‌వేర్) ఇంట్లోనే కాపురం ఉంటాయి కాబట్టి అందరూ కలిసి ఆ ఒక్క గడపలోనే సర్దుకోవాలి.

సేవ్ అయినది ఎందుకు తెరుచుకోదు? చోటు మొత్తం ఎంతుందన్నది కాదు, ఒక్కచోట ఎంతుందన్నది ముఖ్యం. 400 ఎంబీ ఖాళీ ఉన్నా అది ఇరవై ముక్కలుగా చెదిరి ఉంటే, 150 ఎంబీ ఒకే పొడుగున అడిగిన ప్లగిన్‌కు దొరకదు. అప్పట్లో మీరు ప్లగిన్లు ఒకటొకటిగా, తీసి పెట్టి చేసుంటారు. తెరిచేటప్పుడు అవే వేరే వరుసలో ఎక్కుతాయి, చోటు వేరేలా చెదురుతుంది. హద్దుకు పావు జీబీ దూరంలో సేవ్ చేసిన ప్రాజెక్టులకు ఈ గండం ఎప్పుడూ ఉంటుంది.

ముందు మీరు వాడిన ప్లగిన్లలో 64 బిట్ రూపం దొరికేవన్నీ కొత్త పీసీలో వేసుకోండి. ఆ తర్వాతే 64 బిట్ ఎఫ్ఎల్‌లో ప్రాజెక్ట్ తెరవండి. 64 బిట్ రూపం లేని పాతవాటిని ఎఫ్ఎల్ వంతెన మీద నడిపిస్తుంది, అంటే వేరే ప్రాసెస్‌లో. అక్కడ ఆ ప్లగిన్‌కు తన 4 జీబీ గడప తనకు వేరే. రీపర్‌లో కూడా ఇదే వీలు ఉంది: ప్లగిన్ మీద రైట్ క్లిక్, 'రన్ యాజ్'. 'సెపరేట్ ప్రాసెస్' అంటే అలా ఎంచినవన్నీ ఒకే గదిలో, 'డెడికేటెడ్ ప్రాసెస్' అంటే ఒక్కోదానికి ఒక్కో గది. పెద్ద శాంపిల్ ప్లేయర్లకు రెండోది పెట్టండి. అన్నిటికీ పెట్టొద్దు, వంతెన దాటిన ప్రతిసారీ ప్రాసెసర్ మీద కొంత భారం పడుతుంది, విండోలు కూడా అప్పుడప్పుడు మొరాయిస్తాయి.

ఇతర సాఫ్ట్‌వేర్ల వాళ్లకు: క్యూబేస్ 9తో (2016) 32 బిట్ ప్లగిన్లకు సెలవిచ్చింది, ఏబుల్టన్ లైవ్ 10 (2018) నుంచి 64 బిట్ మాత్రమే. వాటిలో పాతవి నడవాలంటే జేబ్రిడ్జ్ లాంటి బయటి వంతెన కావాలి. మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా నుంచి 32 బిట్ అన్నదే లేదు, ఏ వంతెనా పనిచేయదు.

వీటన్నిటికన్నా మేలైనది, పాత పీసీ ఇంకా అటక మీద ఉంటే, దాన్ని పాత స్క్రాప్‌కు ఇచ్చేలోపు ఒక్కసారి దించండి. ప్రతి ట్రాక్‌నూ మొదటి బారు నుంచి చివరి దాకా ఎఫెక్టులు లేకుండా ఒకటి, ఎఫెక్టులతో ఒకటి 24 బిట్ వేవ్‌గా తీసి, మిడి ఫైలు, టెంపో విడిగా రాసి పెట్టుకోండి. ఇంకో పదేళ్లకు ఏ ప్లగిన్ బతికున్నా లేకున్నా ఆ వేవ్ ఫైళ్లు ఎక్కడైనా పాడతాయి.

ప్రశ్న: నా మిక్స్‌లో ఎన్నో కంపెనీల ఎఫెక్ట్ ప్లగిన్లు ఉంటాయి. శాంపిల్స్ లేవు, ర్యామ్ 6 జీబీ దాటదు. అయినా ఒక దశ దాటాక కొత్త ప్లగిన్ 'లోడ్ కాలేదు' అంటుంది. ఉన్న ఈక్యూనే (ఈక్వలైజర్) ఇంకో పది చోట్ల పెడితే మాత్రం చక్కగా ఎక్కుతోంది. – మిక్సింగ్ ఇంజినీర్, హైదరాబాద్

జవాబు: మీ చివరి వాక్యంలోనే జబ్బు పేరు ఉంది. ఇది జీబీల హద్దు కాదు, గూళ్ల హద్దు. చాలా ప్లగిన్ ఫైళ్లు ఎక్కేటప్పుడు హోస్ట్ ప్రాసెస్‌లో ఎఫ్ఎల్ఎస్ అనే చిన్న గూడు ఒక్కోటి పట్టుకుంటాయి, తమ సొంత సరంజామా పెట్టుకోవడానికి. పాత విండోస్‌లలో ఒక ప్రాసెస్‌కు ఇలాంటి గూళ్లు 128 మాత్రమే. అందులో కొన్ని హోస్టే తీసుకుంటుంది. ఒకే ఈక్యూ వందసార్లు పెట్టినా ఫైలు ఒకటే, గూడు ఒకటే. వేరే ఫైలు వస్తే వేరే గూడు కావాలి. విండోస్ 10లో 1903 వెర్షన్ (2019) నుంచి ఈ హద్దును వేలల్లోకి పెంచారు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ చూడండి. స్టూడియోలో 'నడుస్తున్నది కదిలించొద్దు' అని అప్‌డేట్లు ఆపేసిన పీసీ అయితే వెర్షన్ అంతకన్నా పాతదే ఉంటుంది. ఆ సూత్రం మంచిదే, ఈ ఒక్క చోట మాత్రం అదే మీ కాలికి అడ్డం పడుతోంది. అప్‌డేట్ చేయలేని పరిస్థితి ఉంటే కొన్ని ప్లగిన్లను పైన చెప్పినట్టు వేరే ప్రాసెస్‌లోకి పంపండి.

ఇలాంటిదే ఇంకోటి ఉంది: ప్లగిన్ ఎక్కుతుంది గానీ దాని విండో నల్లగానో తెల్లగానో వస్తుంది, బటన్లు సగమే కనిపిస్తాయి. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్, పైన కాలమ్ శీర్షిక మీద రైట్ క్లిక్, 'సెలెక్ట్ కాలమ్స్'లో 'జీడీఐ ఆబ్జెక్ట్స్', 'కమిట్ సైజ్' ఎంచుకోండి. జీడీఐ అంకె (విండోలు గీయడానికి పట్టుకున్న సామగ్రి లెక్క) ఒక ప్రాసెస్‌కు 10,000 దగ్గర ఆగిపోతుంది. ఒక్కో ప్లగిన్ విండో తెరిచి మూసి, మూసినా అంకె తగ్గకుండా ప్రతిసారీ రెండొందలో మూడొందలో పెరుగుతూ పోతుంటే కారుతున్న కుండ అదే. 'కమిట్ సైజ్' గంటగంటకూ పెరుగుతుంటే కూడా ఇదే పద్ధతిలో, ఒక్కో ప్లగిన్ ఆఫ్‌లైన్ చేస్తూ పట్టుకోండి. దొంగ దొరికాక కొత్త వెర్షన్ వేసి చూడండి. తగ్గకపోతే పని మధ్యలో సేవ్ చేసి, సాఫ్ట్‌వేర్ మూసి తెరవడమే.

ప్రశ్న: కీర్తనల రికార్డింగ్‌కు తంబూరా ప్లగిన్ వాడుతున్నాం. శ్రుతి మారిన ప్రతి పాటకూ ఒకటి, మొత్తం తొమ్మిది ఒకే ప్రాజెక్టులో. బరువెక్కిపోతోంది. – తిరుపతి పాఠకుడు

జవాబు: తంబూరాకు ప్లగిన్ తెరిచి ఉంచాల్సిన పనే లేదు. అది చేసేది ఒకటే పని, మళ్లీ మళ్లీ. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం: ఈ నాలుగు మీట్ల ఆవృత్తం ఒకటి సుమారు 5 సెకన్లనుకుంటే, ఎనిమిది ఆవృత్తాలు 40 సెకన్లు, అంటే 10 ఎంబీ వేవ్. ఒకటిన్నర శ్రుతికి ఒకటి, రెండున్నరకు ఒకటి, ఇలా తీసి పెట్టుకుంటే తొమ్మిదీ కలిపి వంద ఎంబీ కూడా కాదు.

అతుకు తెలియకుండా చేయడమే దీంట్లో నేర్పు. ఎనిమిది ఆవృత్తాలే రెండర్ చేసి లూప్ చేస్తే, మొదటి పంచమం నిశ్శబ్దంలోంచి మొదలవుతుంది, ముందటి మంద్రం మోత దాని కింద ఉండదు. ప్రతి 40 సెకన్లకూ ఎవరో తలుపు వేసి తీసినట్టు వినపడుతుంది. అందుకని పదహారు ఆవృత్తాలు రెండర్ చేసి, నాలుగు వదిలి, ఐదో ఆవృత్తం పంచమం మీటుకు సరిగ్గా ముందు ఒక కోత, పదమూడో ఆవృత్తం పంచమం మీటుకు ముందు ఇంకో కోత పెట్టండి. రెండు కోతల దగ్గరా కింద మంద్రం మోత ఒకేలా ఉంటుంది. 30 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ ఇస్తే గాయకుడికి కూడా తెలియదు. శ్రుతి మార్చడానికి ఒకే వేవ్‌ను పిచ్ షిఫ్ట్ చేయకండి, తంబూరా ఝంకారం (జీవాళి) చెడుతుంది. ప్లగిన్‌లోనే శ్రుతి మార్చి మళ్లీ రెండర్ చేయండి.

ప్రశ్న: 8 జీబీ మ్యాక్‌బుక్, ఎం1. లాజిక్ ప్రో తక్కువే వాడుతున్నట్టు చూపిస్తోంది, మెషిన్ మాత్రం నత్తలా ఉంది. – ఫ్రీమాంట్ పాఠకుడు

జవాబు: యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ట్యాబ్ తెరిచి లాజిక్ పక్కనే కాక 'ఏయూ హోస్టింగ్' అని మొదలయ్యే వరుసలు కూడా కూడండి. ఎం వరుస మ్యాక్‌లలో బయటి కంపెనీల ప్లగిన్లు లాజిక్ లోపల కాక అక్కడ ఉంటాయి. కింద మెమరీ ప్రెషర్ గ్రాఫ్ ఆకుపచ్చగా ఉంటే ర్యామ్‌ను వదిలెయ్యండి. పసుపు అయితే సర్దుకుంటోంది, ఎరుపు అయితే డిస్క్‌లోకి తోస్తోంది. ఈ మ్యాక్‌కు ర్యామ్ తర్వాత వేయించడం కుదరదు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద, ప్లేబ్యాక్‌కు అవసరమైన ప్లగిన్లనే ఎక్కించమనే టిక్ పెట్టండి. తర్వాత ఖరారైన ట్రాకుల చానల్ స్ట్రిప్ సెట్టింగ్ సేవ్ చేసుకుని, 'బౌన్స్ ఇన్ ప్లేస్' చేసి (ఆడియోగా మార్చి), ఆ ఇన్‌స్ట్రుమెంట్ తీసెయ్యండి. మార్పు కావాలంటే సెట్టింగ్ మళ్లీ పిలిస్తే సరి.

ప్రశ్న: పాటలో చిటపటలు వస్తున్నాయి. షాపులో అడిగితే 16 నుంచి 32 జీబీకి పెంచమన్నారు. పెంచితే పోతాయా? ఏది కొనాలి? – నెల్లూరు పాఠకుడు

జవాబు: చిటపటలకు ర్యామ్ కారణం కావడం తక్కువ. ముందు తేల్చుకోండి. రిసోర్స్ మానిటర్ తెరిచి మెమరీ ట్యాబ్‌లో 'హార్డ్ ఫాల్ట్స్' గ్రాఫ్ చూస్తూ పాట వాయించండి. 256 శాంపిళ్ల బఫర్ (ఇక్కడ శాంపిల్ అంటే సెకనుకు తీసే 44,100 కొలతల్లో ఒకటి) అంటే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 5.8 మిల్లీసెకన్ల గడువు. కావలసిన ముక్క ర్యామ్‌లో లేక హార్డ్ డిస్క్ నుంచి తేవాల్సి వస్తే 10 మిల్లీసెకన్లు, చిటపట ఖాయం. గ్రాఫ్ నేలకు అంటుకుని ఉండి కూడా చిటపటలు వస్తుంటే దోషం ప్రాసెసర్‌ది గానీ డ్రైవర్‌ది గానీ. బఫర్ 512కు పెంచి చూడండి, డబ్బు ఖర్చుండదు.

గ్రాఫ్ నిజంగానే లేస్తుంటే కొనండి. కొనేముందు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో మూడు విషయాలు రాసుకోండి: వేగం, 'స్లాట్స్ యూజ్డ్', 'ఫామ్ ఫ్యాక్టర్'. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే లాప్‌టాప్ ర్యామ్ కర్రలు పడతాయి. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే చిప్పులు బోర్డుకే అతికించారు, స్లాట్ల అంకె చూసి మోసపోకుండా వెనక మూత తీయించి చూడండి. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 దిగదు, గాటు వేరే చోట ఉంటుంది. 8 జీబీవి రెండు ఉన్నచోట 32 కావాలంటే 16 జీబీవి రెండు, ఒకే కంపెనీ, ఒకే ప్యాకెట్‌లోవి తీసుకోండి. పాత 8కి కొత్త 16 జతచేస్తే పనిచేస్తుంది గానీ రెండు వరుసల (డ్యూయల్ చానల్) వేగం అంతటా ఉండదు.

వేయించిన మర్నాటి నుంచి ప్లగిన్లు అకారణంగా క్రాష్ అవుతుంటే ప్లగిన్లను తిట్టకండి. స్టార్ట్‌లో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' వెతికి రీస్టార్ట్ ఇవ్వండి. నీలం స్క్రీన్ రాగానే ఎఫ్1 నొక్కి 'ఎక్స్‌టెండెడ్' ఎంచుకుని రాత్రంతా వదిలెయ్యండి. ఒక్క ఎర్రర్ చూపించినా రెండు కర్రలూ తీసి ఒక్కొక్కటే పెట్టి మళ్లీ పరీక్షించండి. ఎర్రర్ ఏ కర్రతో వస్తే ఆ కర్ర షాపుకు, ఏ కర్ర పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తే లాప్‌టాప్ సర్వీసుకు. బిల్లు పారేయకండి.